కిటికీలో కూర్చున్న అత్త

వీడియో గేములు తయారుచేసే కంపెనీ అనగానే చాలామంది అద్దాల మేడలు ఊహించుకుంటారు. ఇది అలాంటిది కాదు. కళ్ళజోళ్ళ షాపు పైన రెండు గదులు, ఒక బాత్‌రూము, నలుగురు మనుషులు, అంతే. మెట్లెక్కేటప్పుడు మలుపు దగ్గర తల వంచకపోతే నుదుటికి బొప్పి ఖాయం. కొత్తవాళ్ళెవరొచ్చినా ముందు టప్పుమని చప్పుడు వినిపించేది, ఆ తర్వాత మనిషి కనిపించేవాడు.

నలుగురిలోకీ పెద్దవాడు ఓనరుగారు. పేరుకి ఓనరే గాని ఆయన మాట ఆయన కుర్చీ కూడా వినదు. వెనక్కి ఆనుకుంటే మెల్లగా కిందికి దిగిపోతుంది. గేములో రోడ్లూ ఇళ్ళూ కూలిపోకుండా నిలబెట్టే లెక్కలన్నీ ఆయనవి. బొమ్మలు వేసే ఆవిడ బొమ్మలావిడ. అడుగుల చప్పుడు, గాలి, వాన, సంగీతం చూసుకునే మనిషి చప్పుళ్ళాయన. నాలుగోవాడు మన మేస్త్రి. గేములో హీరో ఒక్కడే కాకుండా వీధిలో ఊరికే తిరిగే జనం ఉంటారు చూడండి, సంచి పట్టుకుని నడిచేవాళ్ళు, గొడుగు వేసుకుని ఎటో పోయేవాళ్ళు, వాళ్ళందరినీ పుట్టించి నడిపించే పని ఇతనిది. ఆడేవాళ్ళు ఆ జనం వంక చూడను కూడా చూడరు. అయినా జనాన్ని కట్టేవాడు కాబట్టి చప్పుళ్ళాయన అతనికి మేస్త్రి అని పేరు పెట్టాడు, అదే స్థిరపడింది.

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి సొంత పని వాళ్ళు చేసుకోవచ్చు. ఏం చేస్తున్నావని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. బుర్ర ఒకే పనికి అంటుకుపోకుండా ఉండటానికి ఈ ఏర్పాటు అని ఓనరుగారు చెప్పేవారు. అసలు సంగతేమిటంటే ఆయనకి బ్రెడ్డు చేయడమంటే పిచ్చి, ఇంట్లో ఆయన భార్య వంటగదిలోకి రానివ్వదు. ఆయన కాల్చిన బ్రెడ్డు ఒకటి ముందుగది తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టారు. ఏడాది దాటినా అది చెక్కు చెదరలేదు. బొమ్మలావిడ సబ్బు బిళ్ళలతో జంతువుల్ని చెక్కేది. వాటితో చేతులు కడుక్కోవడానికి ఎవరికీ మనసొప్పక, ముక్కు విరిగిపోయిన గుడ్లగూబ ఒక్కదాన్నే అందరూ వాడేవారు. చప్పుళ్ళాయన తలుపులు కిర్రుమనే చప్పుళ్ళు పోగుచేసేవాడు. ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళు తాగే ముందు వాళ్ళ బీరువా తలుపు తీసి వేసి చూసేవాడు. అందుకని బావమరిది వాళ్ళు ఆయన్ని ఇంటికి పిలవడం మానేశారు.

మేస్త్రి మాత్రం బుధవారాలు అత్తని చేసేవాడు.

ఈ అత్త సంగతి చెప్పకపోతే ఈ కథే లేదు. నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. పెద్దాసుపత్రిలో ముప్పై ఆరేళ్ళు నర్సుగా చేసి, హెడ్ నర్సుగా రిటైరైంది. ఆవిడ వార్డులోకి వస్తోందంటే రోగులు దుప్పట్లు సర్దుకునేవారట, డాక్టర్లు సిగరెట్లు దాచుకునేవారట. మేస్త్రి అమ్మానాన్నలవి ఊళ్ళు తిరిగే ఉద్యోగాలు. వాడికి ఏడేళ్ళప్పుడు, ఒక్క చోట కుదురుగా చదువుకుంటాడని అత్త దగ్గర వదిలారు. ఇప్పటికి ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, వాడింకా అక్కడే కుదురుగా ఉన్నాడు.

అత్త పెంచిన పద్ధతి ఒకటే, తిట్టడం. ఏనాడూ ఒక్క దెబ్బ వేసిన పాపాన పోలేదు. పొద్దున లేచింది మొదలు నోటికి సెలవుండేది కాదు, అంతే. పైగా ఒకసారి తిట్టిన తిట్టు మళ్ళీ అదే మాటల్లో తిట్టేది కాదు. తలుపు వేయకుండా లోపలికొస్తే ఒకరోజు "నీ వెనకాల ఊరేగింపేమైనా వస్తోందా, తలుపు అలా బార్లా తెరిచిపెట్టావు?" అనేది, మర్నాడు అదే తప్పుకి "వీధినంతా ఇంట్లోకి పిలిచావు, కుర్చీలు ఎవరు వేస్తారు?" అనేది. వాడికి పన్నెండేళ్ళప్పుడు వాటిని లెక్కల నోటుపుస్తకం వెనక రాసుకోవడం మొదలుపెట్టాడు. ముందు కోపంతో రాశాడు, పెద్దయ్యాక ఎదురు తిరగాలని. ఆ తర్వాత కోపం ఎప్పుడు పోయిందో తెలియదు, రాయడం మాత్రం ఆగలేదు. పుస్తకాలు మారాయి, ఉద్యోగాలు మారాయి, తిట్లు నాలుగు వందల పన్నెండుకి చేరాయి.

ఇప్పుడు వీళ్ళు చేస్తున్న గేము ఒక పోస్ట్‌మ్యాన్‌ది. వాడు ఒకే వీధిలో ఇంటింటికీ ఉత్తరాలు ఇవ్వాలి, ఆ ఉత్తరాల కోసం ఒక రాక్షసుడు వెంటపడతాడు. మేస్త్రి ఎవరికీ చెప్పకుండా ఆ వీధి మూలన ఒక ఇంటి కిటికీలో గోధుమరంగు స్వెటరు వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకున్న ఒక పెద్దావిడని కూర్చోబెట్టాడు. ఆవిడకి ఒకే ఒక్క పని. చెప్పులతోగాని బూట్లతోగాని ఎవరైనా కిటికీకి నాలుగడుగుల దూరంలోకి వచ్చారంటే తిడుతుంది. మాటలు తెర మీద అక్షరాల్లో కనబడతాయి. తిట్టు తిన్నవాడు బూట్లు విప్పి, చేతులు కట్టుకుని నిలబడాలి. నాలుగు వందల పన్నెండూ అందులో పోసేశాడు.

ఆఫీసులో ఆవిడ కిటికీ ఆవిడ అయిపోయింది. అందరూ ఆవిడ మేస్త్రి ఊహలోంచి పుట్టిందనుకున్నారు, అతనూ అలాగే అనుకోనిచ్చాడు. ఒకరోజు చప్పుళ్ళాయన ఆడుతూ రాక్షసుడి నుంచి తప్పించుకోలేక కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. రాక్షసుడూ వెంట వచ్చాడు. మేస్త్రి నియమం రాసేటప్పుడు పోస్ట్‌మ్యాన్ అని రాయకుండా ఎవరైనా అని రాశాడు మరి. "తుడిచిన నేల మీద ఆ కాళ్ళేమిటి, దున్నడానికొచ్చావా?" అంది కిటికీ ఆవిడ. ఏడడుగుల రాక్షసుడు వంగి బూట్లు విప్పి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. నలుగురూ కడుపు చేత్తో పట్టుకుని నవ్వారు. రాక్షసుడికి ఉత్తి పాదాలు లేవని గుర్తొచ్చి, బొమ్మలావిడ ఆ సాయంత్రమే కూర్చుని ఆరేసి వేళ్ళతో రెండు పాదాలు వేసింది. యుద్ధం చేయడం ఇష్టం లేనివాళ్ళు ఇలా గెలవచ్చని, దీన్ని ఇలాగే ఉంచేద్దామని ఓనరుగారు తేల్చారు.

మేస్త్రికి అంతకంటే సంతోషం లేదు. భయం కూడా అప్పుడే పుట్టింది.

వాడికి తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి ఏదో తిట్టిందని ఉక్రోషం పట్టలేక అత్తని పట్టుకుని రాక్షసివి అన్నాడు. అత్త ఏమీ అనలేదు. ఆ రోజు అనలేదు, మర్నాడూ అనలేదు. పదకొండు రోజులు. పాలు వేడిగా బల్ల మీద ఉండేవి, బట్టలు ఇస్త్రీ అయి ఉండేవి, ఏదైనా చెప్పాల్సి వస్తే చీటీ మీద రాసిపెట్టేది. వాడు కావాలని తడి తువ్వాలు మంచం మీద పడేసి తలుపు చాటున నిలబడి చూశాడు, తిడుతుందేమోనని. ఆవిడ వచ్చి, దాన్ని తీసి, దండెం మీద ఆరేసి వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్లాడు ఆ తలుపు చాటునే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ పదకొండు రోజుల్ని వాడు ఇప్పటికీ మర్చిపోలేదు. ఇప్పుడు ఊరందరూ చూసి నవ్వుకోవడానికి అత్తని గయ్యాళిని చేసి కిటికీలో కూర్చోబెట్టాడు. ఇది ఆవిడ కంట పడితే మళ్ళీ ఆ మౌనమే. ఈసారి పదకొండు రోజులతో పోతుందా? ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. అలిగితే మళ్ళీ మాట్లాడటానికి ఎన్నాళ్ళు మిగిలాయో ఎవరికి తెలుసు?

ఆవిడ కంట పడే అవకాశం లేదనే ధైర్యంతో బతుకుతున్నాడు. అత్తకి ఫోనులో ఆకుపచ్చ బొత్తాం, ఎర్ర బొత్తాం తప్ప మరోటి తెలియదు. కానీ ఆ ఆఫీసులో ఇంకో ఆచారం ఉంది. గేము బయటికి వెళ్ళే ముందు ఒక గురువారం నలుగురూ తమ ఇంట్లో గేములంటే అస్సలు తెలియని మనిషిని తీసుకొచ్చి ఆడించాలి. తప్పులు పట్టడానికి వాళ్ళని మించినవాళ్ళు లేరు. తెలిసినవాడు వెళ్ళాల్సిన దారిలో వెళ్తాడు, తెలియనివాడు నేరుగా గోడలోకి వెళ్తాడు. ఓనరుగారు భార్యని, బొమ్మలావిడ తాతయ్యని, చప్పుళ్ళాయన వాళ్ళింటి కింద ఉండే దర్జీని తెస్తామన్నారు. మేస్త్రి తనకెవరూ లేరని, ఉన్న ఒక్క అత్తకీ మోకాళ్ళ నొప్పులని, మెట్లెక్కలేదని చెప్పి తప్పించుకున్నాడు.

సోమవారం పొద్దున ఫోను ఇంట్లో మర్చిపోయి ఆఫీసుకి బయల్దేరాడు. అతను దారిలో ఉండగానే ఓనరుగారు ఆ ఫోనుకి చేశారు. అత్త ఎత్తింది. మోకాళ్ళు ఎలా ఉన్నాయని ఆయన అడిగారు. నా మోకాళ్ళకేం, రోజూ మూడంతస్తులు ఎక్కి దిగుతున్నాను, ఎవరు నువ్వు, పొద్దున్నే ఆడవాళ్ళ మోకాళ్ళ గురించి అడుగుతావు అని ఆవిడ ఆయన్ని కడిగేసింది. ఓనరుగారు క్షమాపణ చెప్పుకుని, ఆ కంగారులో గురువారానికి ఆహ్వానించేశారు. ఆవిడ వస్తానంది. మేస్త్రి ఆఫీసుకి చేరగానే ఈ శుభవార్త ఆయన నవ్వుతూ చెప్పారు.

సరే, దారి ఒక్కటే, కిటికీ ఆవిడని తీసేయాలి. మిగతా ముగ్గురూ భోజనానికి కిందికి దిగాక మేస్త్రి లోపలిగది తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాడు. నాలుగు నెలల బుధవారాల పని. కళ్ళు మూసుకుని బొత్తాం నొక్కాడు.

కళ్ళు తెరిచేసరికి గేములో సూర్యుడు లేడు. వీధిలో బాతులు పైకి తేలిపోతున్నాయి. పోస్ట్‌మ్యాన్ రోడ్డులోకి మెడ దాకా కూరుకుపోయి, అక్కణ్ణుంచే ఉత్తరం చాస్తున్నాడు. రాక్షసుడు ఆకాశంలో బోర్లా పడుకుని ఈతకొడుతున్నాడు. సంగీతం లేదు. ఇళ్ళన్నీ ఒకదాంట్లో ఒకటి దూరిపోయి, ఇంత పెద్ద వీధి ఒక పెట్టెడైపోయింది.

మేస్త్రి బిత్తరపోయి ఆవిడని మళ్ళీ తెచ్చి కిటికీలో పెట్టాడు. సూర్యుడొచ్చాడు, బాతులు దిగాయి. మళ్ళీ తీశాడు, బాతులు లేచాయి. ఇదేమిటని ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోతే అప్పుడు తెలిసింది సంగతి. ఆ గేములో ఏ వస్తువూ రెండు వారాలు ఒకచోట నిలిచేది కాదు. చెట్టు ఇవాళ ఉంటే రేపు ఉండదు, ఇల్లు ఇవాళ ఎర్రగా ఉంటే రేపు గోడే ఉండదు. నాలుగు నెలలుగా కదలకుండా, మెదలకుండా ఉన్నది కిటికీ ఆవిడ ఒక్కతే. అందుకని ఎవరికి వాళ్ళు, మిగతావాళ్ళకి చెప్పకుండా, తమ తమ సరుకు తెచ్చి ఆవిడకి తగిలించేశారు. చప్పుళ్ళాయన వీధి సంగీతమంతా ఆవిడ స్వెటరు జేబులో పెట్టాడు. బొమ్మలావిడ సూర్యుణ్ణి ఆవిడ కళ్ళజోడుకి కట్టింది. ఓనరుగారు రోడ్డు ఎత్తు ఎంతుండాలో ఆవిడ కుర్చీ నుంచి కొలిచారు. బాతులు ఎవరివో తెలియదు గాని, అవీ ఆవిడ చెప్పుల జత మీదే ఆధారపడి ఉన్నాయి.

మేస్త్రి చాలాసేపు ఆ తెర వంక చూస్తూ కూర్చున్నాడు. ఇంట్లో అత్త ఒక్క రోజు జ్వరంతో పడుకున్నప్పుడు కూడా ఇలాగే ఉంటుందని అనిపించింది. కానీ అనిపించడానికి ఇది సమయం కాదు, మధ్యలో రెండు రోజులే ఉన్నాయి.

తీసేయడం కుదరకపోతే మారు వేషం వేయాలి. మంగళవారం బొమ్మలావిడని బతిమాలుకున్నాడు, కిటికీ ఆవిడని కిటికీ ఆయనగా మార్చిపెట్టమని. ఎందుకని ఆవిడ అడిగింది. కొత్తదనం కోసమన్నాడు. చక్కని మనిషిని చెడగొడతావా అని ఆవిడ మూతి ముడుచుకుంది. చివరికి రెండు సబ్బు బిళ్ళలు కొనిస్తాననే షరతు మీద, ఛాతీ దాకా వచ్చే తెల్ల గడ్డం ఒకటి అతికించి, తల మీద టోపీ పెట్టింది. స్వెటరు మార్చడానికి టైము లేదంది. కళ్ళజోడు ముట్టుకుంటే సూర్యుడు పడిపోతాడంది. మొత్తానికి మేనత్తకి గడ్డం మొలిస్తే ఎలా ఉంటుందో అచ్చు అలాగే తయారైంది. మేస్త్రి తిట్లు కూడా మార్చాలనుకున్నాడు. పుస్తకం ముందేసుకుని బుధవారమంతా కూర్చున్నాడు గాని, ఒక్కటి కొట్టేయడానికి కూడా చెయ్యి రాలేదు.

గురువారం వచ్చింది. మలుపు దగ్గర టప్పుమనలేదు. అత్త తల వంచుకుని తిన్నగా వచ్చేసింది. వస్తూనే తలుపుకి అడ్డం ఉన్న బ్రెడ్డుని చూసి, తినేదాన్ని నేల మీద పెట్టిందెవరని అడిగింది. ఓనరుగారు తల దించుకుని దాన్ని బల్ల మీదికి మార్చారు. తలుపు మూసుకుపోయింది, కిర్రుమంది, చప్పుళ్ళాయన ఆనందంగా మైకు తీశాడు.

కంట్రోలరు చేతికిస్తే ముందు జేబురుమాలుతో తుడిచింది. పోస్ట్‌మ్యాన్‌ని నడిపించడం అయిదు నిమిషాల్లో పట్టుబడింది. చెయ్యి తిరిగిన నర్సు కదా. అయితే ఆవిడ ఆట ఆడలేదు, వీధంతా రౌండ్సు కొట్టింది. తెరిచి ఉన్న తలుపులన్నీ వేసుకుంటూ పోయింది. గొడుగు వేసుకుని పోయే జనాన్ని ఒక్కొక్కణ్ణీ ఆపి చూసింది. మేస్త్రి ఇన్నేళ్ళుగా చేస్తున్న జనం వంక ఆగి చూసిన మొదటి మనిషి ఆవిడే. వీళ్ళని ఎవరు చేశారని అడిగింది. మేస్త్రి చేశాడని ఓనరుగారు చెప్తే, అందరి భుజాలూ వాడి భుజాల్లాగే వంగి ఉన్నాయి, నిటారుగా కూర్చోమంటే వింటేనా అంది. మేస్త్రి గుండె కొంచెం కుదుటపడింది. తిడుతోంది, ఫరవాలేదు.

పోస్ట్‌మ్యాన్ వీధి చివరికొచ్చాడు. కిటికీ కనిపించింది. గడ్డం, టోపీ, గోధుమరంగు స్వెటరు. బూట్లతో నాలుగడుగుల దూరంలోకి వెళ్ళాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి. అత్త కళ్ళజోడు సవరించుకుని పైకి చదివింది.

"నీ చెవులు మాట వినడానికా, కళ్ళజోడు ఆనించుకోవడానికా?"

చదివి ఆగింది. మేస్త్రి వైపు తిరిగి, వాడి కళ్ళజోడు వంక చూసింది. మళ్ళీ తెర వైపు తిరిగింది. పోస్ట్‌మ్యాన్‌ని నాలుగడుగులు వెనక్కి నడిపించి, మళ్ళీ ముందుకు తెచ్చింది. రెండో తిట్టు వచ్చింది. దాన్ని పైకి చదవలేదు. మూడోది వచ్చింది. నాలుగోది. ఆవిడ పెదాలు కదలడం మానేశాయి. ఇంతలో రాక్షసుడు వచ్చి, బూట్లు విప్పి, పన్నెండు కాలివేళ్ళూ కనబడేలా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దర్జీ పడీ పడీ నవ్వాడు, బొమ్మలావిడ తాతయ్య చప్పట్లు కొట్టారు. అత్త నవ్వలేదు. ఏమీ అనలేదు.

ఆట అయిపోయింది. టీలు వచ్చాయి. మేస్త్రి కప్పు సాసర్లో పెట్టబోయి సగం టీ బల్ల మీద ఒలకబోశాడు. నిజానికి కావాలనే ఒలకబోశాడు. అత్త లేచి గుడ్డ తెచ్చి తుడిచి, మళ్ళీ కూర్చుంది. ఓనరుగారేమో ఆవిడ గేము చూసి మైమరచిపోయిందనుకుని, మాటలు రావడం లేదు కదూ అని మురిసిపోయారు. మేస్త్రికి ఇంక ఈ జన్మకి ఆ గొంతు విననేమోనని అనిపించి, అంత మంది మధ్యలో కళ్ళ నీళ్ళు తిరిగాయి.

చివరికి ఆవిడ ఓనరుగారి వైపు తిరిగి, ఆ గడ్డం మనిషి మాటలన్నీ ఒకచోట రాసి ఉన్నాయా అని అడిగింది. ఉంటాయన్నారాయన. "అయితే ఆ అబ్బాయిని తెచ్చివ్వమనండి," అంది. ఆ అబ్బాయి అంటే పక్కనే ఉన్న మేస్త్రి. ఇరవై ఏడేళ్ళలో వాణ్ణి ఆవిడ ఒరేయ్ అంది, వెధవా అంది, మొద్దూ అంది. ఆ అబ్బాయి అనడం అదే మొదలు.

సంచిలోంచి నోటుపుస్తకాలు తీసిచ్చాడు, అయిదు. పైది లెక్కల పుస్తకం. అట్ట మీద వాడి పన్నెండేళ్ళ అక్షరాలతో వాడి క్లాసు రాసి ఉంది. ఆవిడ వాటిని తీసుకుని కిటికీ దగ్గరి కుర్చీలో కూర్చుంది, పెన్సిలు అడిగింది. ఒక్కో పేజీ తిప్పుతూ చదవడం మొదలుపెట్టింది. గంట గడిచింది. మిగతావాళ్ళ చుట్టాలు వెళ్ళిపోయారు. అక్కడక్కడా పెన్సిలుతో టిక్కు పెట్టింది. ఏదో జరుగుతోందని మిగతా ముగ్గురికీ అర్థమై, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుండిపోయారు. ఓనరుగారి కుర్చీ కిందికి దిగిపోతున్నా ఆయన కదల్లేదు.

మేస్త్రి ఇక ఉండలేక వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అత్తా, నిన్ను నవ్వులపాలు చేయాలని కాదు. నువ్వు లేకపోతే ఆ వీధి బోసిగా ఉంది. తీసేద్దామని చూశాను, తీస్తే మొత్తం కూలిపోతోంది. నిజంగానే కూలిపోతోంది, కావాలంటే వీళ్ళని అడుగు. నువ్వు తిట్టు గాని మాట్లాడకుండా మాత్రం ఉండకు."

అత్త కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాలు తుడుస్తోందో, కళ్ళు తుడుస్తోందో తెలియలేదు.

"ఇవన్నీ నేనన్నవేనా?"

"నువ్వన్నవే. ఒక్కటీ కల్పించలేదు."

"ఇన్నేళ్ళూ గోడకి చెప్తున్నాననుకున్నాను రా," అంది అత్త. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "మొద్దు వెధవా, ఒక్కటి కూడా వదలకుండా విన్నావు. విన్నవాడివి ఒక్కటైనా పాటించావా?" అంది.

మేస్త్రికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అత్త పుస్తకం తిరగేసి టిక్కులు పెట్టినవి చూపించింది. అరవై ఒకటి ఉన్నాయట. అవి తనవి కావంది. మేస్త్రి ఒప్పుకోలేదు, తను చెవులారా విన్నవే అన్నాడు. ఆవిడ ఒకదాని మీద వేలు పెట్టి చదవమంది. "ఆ జడేమిటి, గాలి చేత అల్లించుకున్నావా?" అని ఉంది. వాడికి పదమూడేళ్ళప్పుడు తిట్టింది. అప్పుడు వాడికి క్రాపు తప్ప జడెక్కడిది? అప్పుడూ అర్థం కాక, అలాగే రాసుకున్నాడు.

"ఇది మా అమ్మది. నన్ను తిట్టేది. నా నోటికి అలవాటై నీ మీదికి వచ్చేసింది. ఇదిగో, ఇదీ అమ్మదే. ఇదీ. నాకే గుర్తు లేవు, నువ్వెక్కణ్ణుంచి పట్టుకొచ్చావు?"

నాయనమ్మని మేస్త్రి చూడలేదు. వాడు పుట్టడానికి రెండేళ్ళ ముందే పోయింది. అత్త ఆ పేజీని అరచేత్తో ఒకసారి నిమిరింది. ఆ తర్వాత లేచి, స్వెటరు సర్దుకుని వచ్చి, తెర ముందు కూర్చుని కంట్రోలరు చేతిలోకి తీసుకుంది. ఆ అరవై ఒక్కటి మాత్రమే వచ్చేలా చేయగలవా అని అడిగింది. చేయగలనన్నాడు, రెండు నిమిషాల్లో చేశాడు.

"ఆ గడ్డం కూడా తీయించు. మా అమ్మకి గడ్డం లేదు," అంది అత్త.

ఆ మాటకి బొమ్మలావిడ పరుగున వచ్చి గడ్డం, టోపీ పీకేసింది. కిటికీలో మళ్ళీ పెద్దావిడ ప్రత్యక్షమైంది. అత్త పోస్ట్‌మ్యాన్‌ని వీధి వెంట నడిపించుకుంటూ వచ్చింది. ఈసారి ఏ తలుపూ వేయలేదు, ఎక్కడా ఆగలేదు. తిన్నగా కిటికీ దగ్గరికి, బూట్లతో, నాలుగడుగులు దాటి గోడని ఆనుకునేదాకా తీసుకొచ్చి నిలబెట్టింది. ఉత్తరం ఇవ్వడానికి నొక్కాల్సిన బొత్తాం ఏదో చప్పుళ్ళాయన చూపించబోతే, ఉండమన్నట్లు చెయ్యెత్తింది.

"నన్ను ఎవరైనా తిట్టి ముప్పై ఆరేళ్ళయింది," అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

అక్షరాలు వచ్చాయి. ఆవిడ నెమ్మదిగా, లోపల్లోపలే చదువుకుంది. పోస్ట్‌మ్యాన్ బూట్లు విప్పి చేతులు కట్టుకున్నాడు. అత్త వాడికి మళ్ళీ బూట్లు తొడిగి, వీధి మొదటిదాకా వెనక్కి తీసుకెళ్ళి, మళ్ళీ కిటికీ వైపు నడిపించింది.